దవాఖాన బోణీ

కంపెనీ వాళ్లు ఊరికి దవాఖాన కట్టించారు. ఎందుకు కట్టించారయ్యా అంటే, వాగు నీళ్లు చాయ్ డికాషన్ రంగుకు తిరిగి, అవి తాగిన బర్రెలు ఒడ్డునే కాళ్లు చాపితే, ఊరంతా పోయి కంపెనీ గేటు ముందు కూర్చుంది కాబట్టి. బర్రెలు చచ్చాయని ధర్నా చేస్తే తల్లీబిడ్డల దవాఖాన ఎందుకొచ్చిందో, ఆ కిటుకు పెద్ద చదువులు చదివినవాళ్లకే తెలియాలి. మొత్తానికి వచ్చింది. వాగు మాత్రం అదే రంగులో పారుతూనే ఉంది.

తొంభైల నాటి మాట ఇది. కాజీపల్లి దిక్కు, గుమ్మడిదల దిక్కు, ఎటు చూసినా మందుల కంపెనీల పొగగొట్టాలు లేస్తున్న కాలం. దవాఖాన చూడముచ్చటగానే ఉంది, కాదనకూడదు. గులాబీ రంగు గోడలు, ముందు వరండా, లోపల ఒక పెద్ద గది. గోడ మీద కంపెనీ పెద్దసారు తల్లిగారి పేరు మనిషంత అక్షరాల్లో రాయించారు. దవాఖాన అన్న మాట ఆ పేరు కింద ఎక్కడో ఇరుక్కుని ఉంది. కట్టిన కాంట్రాక్టరు సర్పంచ్ నర్సింహకు స్వయానా బామ్మర్ది. వెనక తలుపు పెట్టడం మర్చిపోయాడు. మర్చిపోయాడో, ఆ తలుపు వాళ్లింటికి నడిచి వెళ్లిందో, అడిగేవాడెవడు?

ప్రారంభోత్సవం రోజున షామియానా వేశారు, మైకు పెట్టారు, ఉన్న ఒక్క తలుపుకూ అడ్డంగా ఎర్ర రిబ్బను కట్టారు. పొదుపు సంఘం ఆడవాళ్లను పొద్దున్నే తోలుకొచ్చి ముందు వరసల్లో కూర్చోబెట్టారు. పెద్దసారు హైదరాబాదు నుంచి రావాలి. ఆయన వచ్చి కత్తెర పట్టేదాకా ఈగ కూడా లోపలికి పోకూడదని కంపెనీ ఆఫీసరు చలపతిరావు గట్టిగా చెప్పాడు. ఈగలకు ఆ మాట వినబడలేదు గానీ మనుషులకు బాగానే వినబడింది.

సత్తెమ్మ ఆ సంబరానికి పోదలుచుకోలేదు. ఆమెది కంపెనీ గేటు ముందు కూరగాయల బండి. కంపెనీ పేరెత్తితే ఒళ్లు మంట, కానీ షిఫ్టు దిగి వచ్చే కూలీలే ఆమె గిరాకీ, ఏం చేస్తుంది? కొడుకు సంగప్ప కూడా అదే కంపెనీలో కాంట్రాక్టు లేబరు. ఆ రోజు వాడికి కొత్త టోపీ పెట్టి, పెద్దమనుషులకు మజ్జిగ అందించే పని అప్పజెప్పారు.

"మందు డ్రమ్ములు మోసే చేతులతోని సల్ల పోస్తవా? తాగెటోళ్లకు ఇప్పుడే దండం పెట్టాలె," అని పొద్దున వాణ్ణి సాగనంపింది.

నోరు అట్లాంటిదే గానీ బేరం దగ్గర సత్తెమ్మకు మహా పట్టింపు. ముఖ్యంగా బోణీ. పొద్దున మొదటి గిరాకీ ఎంత గీచి గీచి అడిగినా సరే, ఉత్త చేతులతో పోనిచ్చేది కాదు. పోతున్నవాణ్ణి వెనక్కి పిలిచి, లోపల తిట్టుకుంటూనైనా ఒక కొత్తిమీర కట్ట చేతిలో పెట్టి పంపేది. బోణీ మళ్లిపోయిందంటే ఆ రోజుకు ఇక బండి మూసుకోవడమేనని ఆమె నమ్మకం. ఆమె ఒక్కదానిదేమిటి, ఆ బజార్లో తరాజు పట్టిన ప్రతి ఒక్కరి నమ్మకమూ అదే.

ఆ పొద్దున ఇంటి ముందు బండి మీద వంకాయలు సర్దుతుంటే కోడలు సుమిత్ర గోడ పట్టుకుని బయటికొచ్చింది. ఐదో నెల. ముఖం తెల్లగా పాలిపోయింది, చీర కుచ్చిళ్లు మాత్రం ఎర్రగా తడిశాయి.

"అత్తా... మల్ల గట్లనే అయితుంది," అంది.

సత్తెమ్మ వంకాయలు వదిలేసి ఆమెను పట్టుకుంది. ఇది మూడో కడుపు. మొదటిసారి తీసుకుపోయిన చోట ఎవరో మహానుభావుడు పరీక్ష కూడా చేయకుండా, "దొంగచాటుగా ఏం మందు మింగినవ్?" అని కసిరి, బలం గోలీలు చేతిలో పోసి పంపాడు. బిడ్డ కోసం పీర్లకు కూడా మొక్కిన పిల్లను పట్టుకుని అడిగే మాటేనా అది! రెండోసారి సంగారెడ్డికి ఆటోలో పోతుంటే దారంతా గుంతలు. సుమిత్ర దవాఖాన చేరేసరికి చల్లబడిపోయింది. అక్కడి డాక్టరు రక్తం సీసాలు ఎక్కించి బతికించాడు, బతికించి సత్తెమ్మను పక్కకు పిలిచాడు. "ఇంకోసారి ఇట్ల నెత్తురు పోతే దారిలనే మనిషి పోతది. ఎక్కడ దగ్గరుంటే అక్కడ ముందు ఆపించుకోండి," అని చెప్పాడు.

ఆ మాట సత్తెమ్మ మరచిపోలేదు. మనవడో మనవరాలో తర్వాతి సంగతి, ఈ పిల్ల దక్కాలి. సంగారెడ్డి దారి పట్టేది లేదు. పిలిస్తే పలికేంత దూరంలో కొత్త దవాఖాన ఉంది, పటాన్‌చెరు నుంచి డాక్టరమ్మ కూడా వచ్చి కూర్చుందని మైకులో చెప్తున్నారు. ఇంకేం కావాలి? బండి మీది వంకాయలన్నీ నేల మీద కుమ్మరించింది. గోనెపట్టాలు పరిచి కోడలిని పడుకోబెట్టి, కొంగు నడుముకు చుట్టుకుని బండి తోసింది.

షామియానా దగ్గర బండి ఆగేసరికి మైకులో సర్పంచ్ గొంతు ఆగిపోయింది. ముందు వరసలో పూలగుత్తి ఒళ్లో పెట్టుకుని కూర్చున్న డాక్టరు దయావతి బండి మీది పిల్లను చూసి చటుక్కున లేచింది. చలపతిరావు అంతకంటే చటుక్కున ఆమె ముందుకొచ్చాడు.

"మేడం, మీరు కూర్చోండి. పెద్దసారు దగ్గర్లోనే ఉన్నారు. నేను మాట్లాడతాను కదా."

ఆమె కూర్చుంది. కూర్చోమనగానే కూర్చుంది! అన్నేళ్లు చదివింది ఎందుకో మరి, కుర్చీలో కుదురుగా కూర్చోవడానికేనా?

చలపతిరావు బండి దగ్గరికొచ్చాడు గానీ బండి వంక చూడలేదు. ఆయన చూపు సత్తెమ్మ నెత్తి మీది నుంచి రోడ్డు మీదికి పోతోంది, పెద్దసారు జీపు కోసం.

"ఏమ్మా, ఇవాళ ఇక్కడ కార్యక్రమం ఉంది. పేషెంట్లను చూడటం రేపటి నుంచి. రేపు పొద్దున్నే తీసుకురండి, మొదటి నంబరు మీకే ఇప్పిస్తాను," అన్నాడు, వరమిచ్చినంత ముఖం పెట్టి.

"రేపటి దాంక నెత్తురు ఆగుమని చెప్తవా సారూ? నీ మాట ఇంటదేమో అడుగు. నా మాట ఇంటలేదు."

ఆయన సర్పంచ్ వైపు చూశాడు. నర్సింహ మైకు వదిలి పరుగున వచ్చాడు. ఊరి వరసకు సత్తెమ్మకు తమ్ముడవుతాడు, ఓట్లప్పుడు ఆ వరస బాగా గుర్తుంటుంది. ఆమెను చెయ్యి పట్టి పక్కకు తీసుకుపోయి గొంతు తగ్గించాడు.

"సత్తెమ్మక్కా, జెర సమజ్ చేస్కో. శుభమాని దవాఖాన తెరుస్తున్నం. కడుపు పోయిన కేసుతోని బోణీ చేస్తమా? రేపటి సంది అన్నీ గసొంటియే వస్తయి. మా కోడలు ఏడో నెలల ఉన్నది గదా, ఆమెను మొదలు చూపెడ్తమని అనుకున్నం. పెద్దసారు ముంగటనే డాక్టరమ్మ బీపీ సూస్తది, ఫోటో దీస్తరు. నీకు జీపు మాట్లాడ్త, సంగారెడ్డికి తోల్క పో."

"జీపేదిరా?"

"పెద్దసారును తోల్క రానికి పోయింది. రాంగనే పంపిస్త."

వాడన్నది అబద్ధం అయితే సత్తెమ్మ నోరు మూయించేది, తిట్టు అయితే తిట్టుతో సమాధానం చెప్పేది. కానీ బోణీ! అది ఆమె రోజూ కళ్లకద్దుకునే మాట. మంచి చెయ్యితో బోణీ కావాలని ఆమె మాత్రం కోరుకోదా? బండి మీద సుమిత్ర మూలిగింది. గోనెపట్టా అంచు నుంచి నెత్తురు చక్రం మీదికి కారుతోంది. షామియానా కింద కొడుకు మజ్జిగ గ్లాసుల పళ్లెం పట్టుకుని కొయ్యబారిపోయాడు.

"అరే సంగప్పా! గట్ల సూస్తవేందిరా? నీ పెండ్లం రా!"

చలపతిరావు కూడా సంగప్ప వంక చూశాడు. అంతే, వాడు తల దించుకుని గ్లాసులు లెక్కపెట్టసాగాడు. ఆ టోపీ తీసి వాడి నోట్లో కుక్కాలనిపించింది సత్తెమ్మకు. కన్నందుకు సిగ్గేసింది. ఇంతమంది మగవాళ్లు, ఇన్ని పూలదండలు, ఇంత రంగు గోడ, ఇందులో ఒక్కటి ఆ పిల్లకు పనికొస్తే ఒట్టు!

అప్పుడు ఆమెకు కోపంతో పాటు అసలు సంగతి కూడా తట్టింది. బోణీ గురించి వీడు నాకు చెప్పడమేమిటి? నడుము మీద చేతులు పెట్టుకుని, మైకు అక్కర్లేని గొంతుతో షామియానా వైపు తిరిగింది.

"ఇనుండ్రి అవ్వలారా! బోణీ మంచిది గావాలె, నా కోడలిని తీస్కపొమ్మంటున్నడు మీ సర్పంచ్. ఏం నర్సింహా, తరాజు వట్టి బత్కెటిదాన్ని, బోణీ సంగతి నాకు జెప్తున్నవా? మంచి గిరాకీ, చెడ్డ గిరాకీ అని బోణీల ఉంటదా? మొదలు వాకిట్లకు ఎవలొస్తే గదే బోణీ. ఈ వాకిట్లకు మొదలొచ్చింది నా కోడలు. ఇగ నువ్వు ఆ బోణీని మళ్లగొడ్తున్నవ్. మళ్లగొట్టు, మంచిదే! నేను బండి తిప్పుకొని పోత. బోణీ మళ్లిన దవాఖానల మీ కోడలిని పండవెట్టుకో పో!"

షామియానా కింద గుసగుసలు మొదలయ్యాయి. పాలమ్మేవాళ్లు, గాజులమ్మేవాళ్లు, ఆకుకూరలమ్మేవాళ్లు, అక్కడున్న ఆడవాళ్లలో బోణీ విలువ తెలియనిదెవరు? "అవ్ గదా, మళ్లగొట్టద్దమ్మా," అని ఒకామె అంటే, "మళ్లగొడ్తె ఇగ మిగిలిందేముంది?" అని ఇంకొకామె అంది. అంతసేపూ బండి మీద ప్రాణం పోతుంటే చూస్తూ కూర్చున్నారు. బోణీ పోతుందనగానే అందరికీ కాళ్లొచ్చాయి.

అందరికంటే ముందు లేచింది సర్పంచ్ పెళ్లాం దేవమ్మ. పట్టుచీర కట్టించి, పూలు పెట్టించి, ఫోటో కోసం కూర్చోబెట్టిన కోడలి చెయ్యి పట్టుకుంది.

"లే బిడ్డా, ఇంటికి వోదాం. ఏమయ్యా, గామె అన్నదాంట్ల తప్పేమున్నది? మళ్లగొట్టిన బోణీ మీద నా కోడలిని పండవెట్టనియ్య. వారసుణ్ణి మోస్తున్న పిల్ల."

"ఏయ్, కూసో! సార్లున్నరు!" అన్నాడు నర్సింహ పళ్లు కొరుకుతూ.

"సార్లకేం, వాళ్ల కోడండ్లను పండవెట్టుకోమను," అని దేవమ్మ నడక సాగించింది. ఆమె వెనక మరో నలుగురు లేచారు.

చలపతిరావు ముఖంలో రంగులు మారాయి. కుర్చీలు ఖాళీ అవుతున్నాయి, మొదటి పేషెంటు ఇంటిదారి పట్టింది, పెద్దసారు ఏ నిమిషంలోనైనా దిగుతాడు. ఆయనకు మనిషి ప్రాణం పోతుందంటే పుట్టని కంగారు అప్పుడు పుట్టింది.

"సర్పంచ్ గారూ, ఏమిటండీ ఈ గోల? సరే, సరే, ముందు ఆవిడనే లోపలికి పంపించండి. ఎవరో ఒకరు ఉండాలి కదా లోపల! రిబ్బను మాత్రం జాగ్రత్త, తెగకూడదు."

రిబ్బను తెగకూడదట! ఆ రిబ్బనును ఇద్దరు మనుషులు అటూ ఇటూ పట్టి పైకెత్తారు, దేవుడి పల్లకీ కింద దూరినట్టు అందరూ వంగి వంగి దాని కింద నుంచి పోయారు. సుమిత్ర కాళ్ల వైపు సత్తెమ్మ పట్టుకుంది. తల వైపు పట్టుకున్నది ఎవరా అని చూస్తే సంగప్ప. టోపీ ఎక్కడో పడిపోయింది. ఆఫీసరు ఒప్పుకున్నాక వచ్చిన ధైర్యం. సత్తెమ్మ మళ్లీ వాడి ముఖం చూడలేదు.

దయావతి పూలగుత్తి కుర్చీలో పడేసి తన సంచీతో వచ్చింది. మంచం మీది ప్లాస్టిక్ కవరు ఇంకా విప్పలేదు. గోడకు అద్దాల బీరువా, అందులో రంగురంగుల మందుల డబ్బాలు బారులు తీరి ఉన్నాయి. దయావతి ఒకటి తీసి విప్పింది. ఖాళీ. ఇంకొకటి విప్పింది. అదీ ఖాళీ. ఫోటోలో నిండుగా కనబడాలని ఉత్త అట్టడబ్బాలు పేర్చారు. మందులు తయారు చేసే కంపెనీ, దేశదేశాలకు లారీలకు లారీలు పంపే కంపెనీ, సొంత దవాఖానకు అట్టముక్కలు ఇచ్చింది!

"సెలైన్ కూడా లేదా?" అంది దయావతి. ఆమె గొంతులో అంతకు ముందు లేని కరుకుదనం వచ్చింది. "నువ్వు ఈమె భర్తవా? కంపెనీ ఫస్టెయిడ్ రూంల సెలైన్ సీసాలు ఉంటయి. ఉరుకు. ఎవరడిగినా నా పేరు చెప్పు."

సంగప్ప ఉరికాడు.

దయావతి తన సంచీలో నుంచి గ్లౌజులు, సూదిమందు తీసింది. పటాన్‌చెరులో కాన్పులు చేసే మనిషి కాబట్టి ఆ మాత్రం ఆమె దగ్గర ఉంది. లేకపోతే ఆ గులాబీ గోడలు చూసుకుంటూ సుమిత్ర పోయేదే. కడుపులోని బిడ్డ అప్పటికే జారిపోయింది, మాయ లోపల ఉండిపోయి నెత్తురు ఆగడం లేదు. దయావతి మోచేతి దాకా తడిసి దాన్ని తీసింది. సుమిత్ర అత్త చెయ్యి నలిపేసిందే గానీ అరవలేదు. బయట మైకులో సన్నాయి పాటలు పెట్టారు.

కొంతసేపటికి దయావతి తలెత్తింది. "ఆగింది. గర్భసంచి గట్టిపడింది," అంది. "కానీ రక్తం బాగా పోయింది. ఈమెకు రక్తం ఎక్కియ్యాలె. సంగారెడ్డికి జల్దీ తీసుకపోవాలె, నేను తోడొస్త."

సత్తెమ్మ నేల మీద చతికిలబడి, కోడలి అరికాలికి ముఖం ఆనించి ఏడ్చింది. బతికింది. ఈసారికి బతికింది.

"అత్తా," అంది సుమిత్ర నీరసంగా. "బిడ్డ ఏడ్చిందా?"

"లేదు బిడ్డా."

"ఏంది?"

"ఆడివిల్ల."

స్టీలు పళ్లెంలో, రెండు అరచేతుల్లో పట్టేంత పిల్ల. వేళ్లు, గోళ్లు, అన్నీ అమరి ఉన్నాయి. సత్తెమ్మ పళ్లెం మీద తన కొంగు కప్పింది.

"ఏ నీళ్లు తాగుతున్నరు మీరు?" అని దయావతి చేతులు తుడుచుకుంటూ అడిగింది.

"వాగు పక్క బోరుయి. ఇంక ఏయి తాగుతం, సార్లు తాగే సీసా నీళ్లా?"

"మీ ఊరికెల్లి ఇట్లాంటి కేసులు నా దగ్గరికి వస్తనే ఉన్నయి, అమ్మా."

"గా మాట బయట మైకుల చెప్పు."

డాక్టరమ్మ సంగప్ప ఉరికొచ్చి అందించిన సెలైన్ సీసాను కొక్కేనికి తగిలించే పనిలో పడింది.

బయట జీపు ఆగింది. కొబ్బరికాయ పగిలింది. రిబ్బను తెగినట్టుంది, చప్పట్లు మోగాయి. కాసేపటికి చలపతిరావు చేతిలో పెద్ద వెదురు బుట్టతో లోపలికొచ్చి, నేల మీది నెత్తురు చూసి బూట్ల మునివేళ్ల మీద నిలబడ్డాడు. బుట్టకు మెరిసే కాగితం చుట్టి ఉంది. లోపల పసిపిల్లల పౌడరు, సబ్బు, పసుపు రంగు గౌను, గిలక, మెత్తటి తువ్వాలు. మొదటి పేషెంటుకు కంపెనీ కానుక అది. ఏడో నెల కడుపుతో పట్టుచీర కట్టుకుని వచ్చే పిల్ల కోసం కొన్నది.

"లోపలంతా ఇలా ఉంది, పెద్దసారు చూస్తే బాగుండదు," అన్నాడు. "అమ్మా, మీరు ఈ బుట్ట పట్టుకుని వరండాలోకి రండి. ఆయన పక్కన నిలబడితే ఫోటో తీస్తారు. అంతే మీ పని. ఆ పళ్లెం సంగతి మావాళ్లు చూసుకుంటారులెండి, కంపెనీ వెనక చెత్త కాల్చే గుంత ఉంది."

సుమిత్ర కళ్లు తెరిచింది. "అత్తా, నా బిడ్డను వాళ్లకియ్యకు."

"ఎవలకియ్య బిడ్డా. మన చెల్క మట్టిల పండవెడ్త," అంది సత్తెమ్మ. తర్వాత ఆఫీసరు వైపు తిరిగింది. ఇన్నాళ్ల బేరాల అనుభవం ఊరికే పోలేదు. "సారూ, ఫోటో దిగుత. కని ముందుగాల పెద్దసారు జీపు నా కోడలికియ్యి. ఆమెను ఎక్కిచ్చి, జీపు రోడ్డెక్కినంకనే బుట్ట వట్టుకుంట. లేకుంటే ఇక్కడ్నే కూసోని మొత్తుకుంట. మైకు కన్న గట్టిగ మొత్తుకుంట, చూశినవ్ గదా."

చూశాడు. అందుకే బేరమాడకుండానే తలూపాడు.

సుమిత్రను తెల్లటి దుప్పటి కప్పి బయటికి మోశారు. సెలైన్ సీసా ఎత్తి పట్టుకుని సంగప్ప, సంచీతో దయావతి ఆమె వెంట జీపెక్కారు. నర్సింహ ఆ అవకాశం కూడా పోనివ్వలేదు, వెంటనే మైకు అందుకున్నాడు. "మన దవాఖాన మొదటి పేషెంటు, మన ఆడబిడ్డ, తల్లీ బిడ్డా క్షేమం! మరిన్ని పరీక్షల కోసం పెద్దసారు తమ సొంత జీపు ఇచ్చి పంపిస్తున్నరు! గట్టిగ చప్పట్లు కొట్టుండ్రి!"

లోపల ఒంటరిగా మిగిలిన సత్తెమ్మకు ఆ మాట వినబడింది. తల్లీ బిడ్డా క్షేమమట. ఇందాక ఇదే నోరు కదా కడుపు పోయిన కేసు అంది! నాలుకకు ఎముక లేదు సరే, సిగ్గు కూడా లేదా? నెత్తురు కడిగేసి, గుంతలో కాల్చేసి, పైన పౌడరు చల్లి ఫోటో తీసుకుంటే సరిపోతుందా? జీపు మలుపు తిరిగి సంగారెడ్డి రోడ్డెక్కిన చప్పుడు వినేదాకా ఆమె కదలలేదు.

ఆ తర్వాత మెరిసే కాగితం చింపింది. సబ్బు, పౌడరు, గిలక తీసి అట్టడబ్బాల బీరువాలో పెట్టింది. వాటికి అదే చోటు. పళ్లెంలోని పిల్లను ఎత్తి, పసుపు గౌను తొడిగింది. గౌను పెద్దది, పిల్ల అందులో ఎక్కడో ఉండిపోయింది. బుట్టలో పడుకోబెట్టి తువ్వాలు కప్పి, ముఖం కడుక్కుని, ఉన్న ఒక్క తలుపులో నుంచి బయటికి నడిచింది.

చప్పట్లు మళ్లీ మోగాయి. పెద్దసారు మెడలో దండతో వరండాలో నిలబడి ఉన్నాడు. మర్యాదస్తుడు, సత్తెమ్మకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. చలపతిరావు ఆమెను ఆయన పక్కకు జరిపాడు. ఫోటోగ్రాఫరు కెమెరా కంటికి ఆనించి, "సార్, మీరు కూడా బుట్ట మీద చెయ్యి వేయండి," అన్నాడు. పెద్దసారు వేశాడు.

"తువ్వాలు తియ్యమ్మా, లోపల కానుకలు కనబడాలి," అన్నాడు ఫోటోగ్రాఫరు.

"నేను తియ్య. పెద్దసారే తియ్యాలె. ఆయన కంపెనీదే గదా," అంది సత్తెమ్మ.

పెద్దసారు చిరునవ్వు చెదరకుండా, కెమెరా వైపే చూస్తూ తువ్వాలు తీశాడు. అప్పుడే ఫ్లాష్ వెలిగింది. ఆ తర్వాతే ఆయన కిందికి చూశాడు. బుట్ట మీద వేసిన చెయ్యి వెనక్కి లాక్కోబోతే, సత్తెమ్మ దాన్ని మణికట్టు దగ్గర పట్టుకుంది. పచ్చిమిరప బస్తాలు మోసిన చెయ్యి, వదిలేది కాదు.

"సూడు సారూ. మైకుల చెప్పిండ్రు గదా, బిడ్డ క్షేమమని. ఎంత క్షేమంగున్నదో సూడు. నీ వాగు నీళ్లు తాగి పెరిగిన బిడ్డ."

ముందు వరసలో ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. ఎవరో వెక్కారు. చలపతిరావు మెట్ల మీదే కూలబడ్డాడు. సత్తెమ్మ పెద్దసారు చెయ్యి వదిలి, తువ్వాలు మళ్లీ పిల్ల మీద కప్పి, ఎవరినీ దారి ఇమ్మని అడగకుండా షామియానా మధ్య నుంచి తన చెలక పొలం వైపు నడిచిపోయింది.

వెనక వరసల్లో కూర్చున్నవాళ్లకు అదేమీ కనబడలేదు. వాళ్లు ఇంకా చాలాసేపు చప్పట్లు కొడుతూనే ఉన్నారు.